తొమ్మిదేండ్ల నియమము

చెట్టు బెరడును చుట్టును ఒలిచివేసినచో ఆ చెట్టు ఎండిపోవుననుట మన పల్లెలలో పసిబాలురకైనను తెలిసిన విషయమే. పొలము గట్టున అడ్డముగా నున్న మ్రానును నలుగురి కంట పడకుండ చంపదలచినవాడు గొడ్డలితో కొట్టి పడవేయడు, మొదట జానెడు వెడల్పున చుట్టును తోలు తీసి ఊరకుండును, కొంత కాలమునకు ఆకు రాలి అది కట్టెగా మారును. ఈ సామాన్యధర్మమునకు లోబడక, మొదలు మొదలుకొని కొమ్మల పంగల వఱకు నిలువునా ఒలిచినను చావక, తొమ్మిదేండ్లలో మరల అంతటి కవచమును తొడుగుకొని, రెండువందల యేండ్ల జీవితములో పదునాఱు పదునేడు మారులు తన తోలును మనుష్యులకిచ్చి నిలుచు వృక్షమొకటి మధ్యధరా సముద్రపు పడమటి తీరములందు కలదు. అది ఓకు జాతులలో నొకటి. సీసాల బిరడాలుగా మన యిండ్లకు వచ్చిన కార్కు దాని తోలే. అడవిని కాపాడుట యన్నచో దానిని ముట్టకుండుటయే యని చదువుకొన్నవారిలో నానాటికి బలపడుచున్న అభిప్రాయము ఎంత అసమగ్రమైనదో ఆ చెట్టు చరిత్ర చెప్పినంత స్పష్టముగా మఱియొకటి చెప్పజాలదని నా దృఢవిశ్వాసము.

తక్కిన వృక్షములకు బెరడు ఒలుచుట మృత్యువగుటకు కారణము, ఆకులయందు తయారైన ఆహారమును వేళ్లకు కొనిపోవు నాళములు కూడ బెరడుతోపాటే ఊడివచ్చుట. కార్కు వృక్షమునందు ఆ నాళములుండు లోబెరడునకు పైన, వ్రేలి మందమునకు మించిన నిర్జీవమైన పొర వేఱుగా పేరుకొనియుండును. తగిన ఋతువున, తగిన చేతితో తీసినచో ఆ పైపొర మాత్రమే విడివడి, లోబెరడు చెక్కుచెదరక నిలిచి, తనలోనుండి క్రొత్త జనకపొరను పుట్టించుకొని మరల పెరుగనారంభించును. ప్రకృతి దీనికి ఈ యంగరక్షను కల్పించినది మనుష్యుని సీసాల కొఱకు కాదు. ఎక్కువగా శీతకాలముననే వర్షించి, వేసవి నెలలలో చినుకు అరుదైన ఆ దేశములందు కార్చిచ్చు వృక్షములకు నిత్యశత్రువు. మంట దాటిపోయిన పిదప తక్కిన చెట్లు బూడిదయై యుండగా, నల్లబడిన కార్కు చెట్టు తన కొమ్మలపై దాగిన మొగ్గలనుండి మరుసటి వసంతమున మరల చిగిర్చును. ఒక్క ఘన సెంటీమీటరు కార్కులో సుమారు 4 కోట్ల సూక్ష్మకణములుండి, ప్రతి కణములోను గాలి బంధింపబడి, ఆ గోడలు నీటిని చొరనీయని సుబెరిన్ అను పదార్థముతో పూయబడియుండుటయే దాని తేలికకును, అగ్నిసహనమునకును, నీటిపై తేలుటకును మూలకారణము. 1665లో ప్రకటింపబడిన ‘మైక్రోగ్రాఫియా’ గ్రంథమున రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో ఈ కార్కు తునకను పరీక్షించియే ఆ చిన్ని గదులకు ‘కణము’ అను నేటి శాస్త్రనామమును ప్రసాదించెను. ఒక ఘనాంగుళములో అవి నూటయిరువది కోట్లకు మించియుండునని లెక్కకట్టి ఆతడే ఆశ్చర్యపడెను. జీవశాస్త్రమునకు పునాదిరాయి యైన పదము ఒక చెట్టు తోలునుండి పుట్టినదన్న మాటను మన పాఠ్యపుస్తకములు ఒక్క వాక్యములో దాటిపోవుట నాకు ఎల్లప్పుడును లోటుగానే తోచును.

పోర్చుగల్, స్పెయిన్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, దక్షిణ ఫ్రాన్సు, ఇటలీ, సార్డీనియా ద్వీపము – ఇవి దాని స్వస్థానములు. మొత్తము మీద ఇరువది లక్షల హెక్టారులకు కొంచెము మించిన ఆ వనములలో మూడవవంతు పోర్చుగల్‌లోనే యుండి, ప్రపంచపు కార్కులో సుమారు సగము ఆ చిన్న దేశమునుండియే వచ్చుచున్నది. టేగస్ నదికి దక్షిణమున నున్న అలెంతేజు ప్రాంతమే దానికి పుట్టినిల్లు వంటిది.

అచట తోలు తీయు పని మే నెల నడుమ మొదలై ఆగస్టుతో ముగియును. జనకపొర చుఱుకుగా పెరుగుచు తడితో నిండియుండు ఆ రోజులలోనే తోలు సుళువుగా విడివడును. వాన పడినను, వేడిగాలి వీచినను పని ఆపివేయుదురు, ఏలయన అట్టి దినములలో బయటపడిన లోబెరడు చెడిపోవును. కూలీలు ఇద్దరిద్దరుగా ఒక్కొక్క చెట్టును పట్టుదురు. వారి చేతి గొడ్డలిని మషాదా యందురు. దాని పిడి కొన పలుచగా చెక్కబడి, సందులో దూర్చి ఎత్తుటకు వీలుగా నుండును. బెరడుపై సహజముగా నేర్పడిన నెఱ్ఱెలలో లోతైనదానిని చూచుకొని నిలువుగా గాటుపెట్టి, గొడ్డలి అంచును మెల్లగా త్రిప్పి పొరను వదులుచేసి, పైన అడ్డముగా మఱియొక గాటుపెట్టి, పిడి కొనతో ఎత్తగా, నిలువెత్తు పలక ఒక్కటిగా చేతికి వచ్చును. గొడ్డలి దిగినప్పుడు బోలు చప్పుడు వినబడినచో తోలు సులభముగా వచ్చును, పొడిగా గట్టిచప్పుడైనచో అది ఇంకను అంటియున్నదని తెలిసికొని అనుభవజ్ఞుడు చేయి వెనుకకు తీయును. దెబ్బ ఒక్క బియ్యపుగింజ మందము లోతుగా పోయినను లోబెరడు తెగి, ఆ గాయపు మచ్చ ఆ చెట్టు ఉన్నంతకాలము నిలిచి, అచట పెరుగు తోలు వంకరబోవును. ఈ విద్య పుస్తకములలో లేదు. తండ్రి వెంట, మేనమామ వెంట తిరిగి నేర్చినదే. పోర్చుగల్ వ్యవసాయకూలీల పనులలో మిక్కిలి కూలి గిట్టుబాటగువానిలో ఇది యొకటియని వినుట సంతోషకరము. చేతినేర్పునకు దాని విలువ దక్కుట లోకములో అరుదు గదా.

తోలు తీసిన వెంటనే కాండము పసుపు కలిసిన గులాబివన్నెతో మెఱసి, దినములు గడచుకొలది ఎఱ్ఱబారి, పిదప నల్లబడును. ఆ కాండముపై తెల్లరంగుతో ఒక అంకె వ్రాయుదురు. 2023లో తీసిన చెట్టుపై 3 అని యుండును. దానిని మరల ముట్టునది 2032లో. ఆ త్రోవన పోవు బాటసారికిని, పొలము దొరకును, కూలివానికిని, ప్రభుత్వాధికారికిని ఆ ఒక్క అంకెయే పత్రము, సాక్ష్యము. తొమ్మిదేండ్లు నిండక మునుపు తోలు తీయరాదని చట్టము శాసించుచున్నది. అది ఆచారమునుండి చట్టములోనికి వచ్చినదే గాని చట్టమునుండి ఆచారములోనికి పోయినది కాదు.

ఇక ఆ చెట్టును నాటువాని ఓర్పు. కాండము రొమ్మెత్తున 70 సెంటీమీటర్ల చుట్టుకొలతకు రాకమునుపు తొలిసారి తోలు తీయరాదు. అందులకు సుమారు ఇరువదియైదేండ్లు పట్టును. ఆ తొలితోలు గరుకుగా, పగుళ్లతో నిండియుండి బిరడాలకు పనికిరాదు. ముప్పదినాలుగవ యేట వచ్చు రెండవ తోలు కొంత మేలైనను అదియు చాలదు. నలుబదిమూడవ యేటి మూడవ తోలుతోగాని బిరడాకు తగిన నునుపు లభింపదు. ఇరువదియేండ్ల వయసున నాటినవాడు అఱువది దాటిన పిమ్మట మంచి తోలును కంటజూచును, లేదా చూడకయే పోవును. అగుయష్ ద మోరా యను గ్రామమున 1783లో నాటిన ఒక చెట్టు కలదు. కొమ్మలలో చేరు పాటపిట్టల సందడినిబట్టి దానికి ‘ఈలవేయునది’ యను పేరు వచ్చినది. 1820 మొదలు ఇరువది మారులకు పైగా తోలిచ్చి, 2009లో ఒక్కసారిగా 825 కిలోల తోలునిచ్చి, లక్షకు మించిన బిరడాలకు ఆధారమై, 2018లో ‘యూరపు వత్సర వృక్షము’గా ఎన్నికైనది.

ఈ తోలుతో ప్రాచీనులు చేసిన పనులు అనేకములు. క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దివాడైన థియోఫ్రాస్టస్ వృక్షముల గూర్చి వ్రాయుచు, తోలు ఒలిచినకొలది ఇది మఱింత బలపడునని జనులు చెప్పుకొందురని పేర్కొనెను. రోమక పండితుడు ప్లినీ వలలకును లంగరు త్రాళ్లకును కట్టు తేలుబెండ్లను, జాడీల మూతలను, స్త్రీలు చలికాలమున తొడుగు పాదరక్షలను దీని ప్రయోజనములుగా లెక్కించెను. వేసవిలో వేడెక్కక, చలికాలమున చల్లబడక యుండును గనుక తేనెటీగల పెట్టెలకు కార్కును మించినది లేదని రోమక వ్యవసాయగ్రంథకర్త కొలుమెల్లా నిర్ణయించెను. అలెంతేజు గొఱ్ఱెలకాపరులు అన్నము వేడి చల్లారకుండ కొనిపోవుటకు కార్కుతో చేసిన ‘తర్రు’ అను మూతగిన్నెను వాడిరి. లిస్బన్ సమీపమున సింత్ర కొండలపై 1560లో నెలకొల్పిన ఫ్రాన్సిస్కన్ సన్న్యాసుల మఠమున గదుల తలుపులకును లోకప్పులకును కార్కునే తాపడము చేసిరి. తడిగాలికిని చలికిని అదియే వారికి రక్షణ. ఆ మఠము నేటికిని చూడవచ్చును. ఇటీవలి కాలమున అమెరికావారి అంతరిక్షనౌకల ఇంధనపు తొట్టెలకు వేడి తగులకుండుటకును కార్కును వాడిరి. గొఱ్ఱెలకాపరి అన్నపుగిన్నెనుండి అంతరిక్షనౌక వఱకు ఒకే పదార్థము ఒకే గుణముచేత పనికివచ్చుట వింతయే.

ఐనను ఆ వనములను పోషించినది బిరడాయే. పదునేడవ శతాబ్దినుండి గాజుసీసా గట్టిపడి, ద్రాక్షసారాయమును సీసాలలో నిలువచేయు అలవాటు యూరపున వ్యాపించుటతో కార్కునకు విలువ వచ్చినది. మద్యమును గూర్చిన నా అభిప్రాయము ఇచట ప్రసక్తము కాదు. ఆ వ్యాపారము ఒక అడవిని నిలిపినదన్న సత్యమును మాత్రము దాచరాదు. 1981లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు హాన్స్ టానర్, సారాయమునకు బూజువాసన నంటించు రసాయనమును కార్కులో గుర్తించెను. వర్తకులు ఆ దోషమును సకాలమున దిద్దుకొనక, కొన్నవాని ఫిర్యాదును చాలకాలము పెడచెవిని పెట్టిరి. ఇందు తప్పు వారిదే. 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ ఉత్పత్తిదారులు లోహపు మరమూతకు మారగా, న్యూజిలాండువారు వారిని అనుసరించిరి. ప్లాస్టిక్ బిరడాలును వచ్చినవి. ఇంతవఱకు వ్యాపారధర్మము. కాని ఆ సమయముననే, కార్కు వాడుట చెట్టును చంపుటయని, ప్లాస్టిక్ మూత కొన్నవాడు ఒక ఓకును బ్రదికించినవాడగునని ఒక ప్రచారము దేశదేశములలో వ్యాపించెను. మంచిమనసుతో చేసిన ఆ ప్రచారము సత్యమునకు సరిగ్గా తలక్రిందులు. కార్కునకు ధర లేనినాడు ఆ చెట్టును నేలపై నిలుపవలసిన అవసరము భూస్వామికి ఉండదు. పశువుల మేతకో, గోధుమకో, త్వరగా పెరుగు కలపకో ఆ నేలను మార్చుటకు అతనికి లోభము కలుగును. నేడు ఒక్కొక్క బిరడాను విడివిడిగా పరీక్షించి దోషమున్నదానిని ఏరివేయు యంత్రములు వచ్చినవి. ముప్పదియేండ్లు ముందుగా ఆ శ్రద్ధ చూపియున్నచో ఆ వనములకు అంత కీడు వాటిల్లియుండెడిది కాదు.

లోభము కలుగుననుట ఊహ కాదు, జరిగినదే. 1929లో పోర్చుగల్ ప్రభుత్వము గోధుమ ఉద్యమమును ఆరంభించి, ఆహారస్వాతంత్ర్యము పేర అలెంతేజు నేలలను లోతుగా దున్నింపగా, చెట్ల వేళ్లు తెగి, పలుచని నేల కొట్టుకొనిపోయి, కొన్నియేండ్ల పంటతో ఆ గోధుమ వెలవెలబోయెను. పిదప కాగితపు మిల్లుల కొఱకు యూకలిప్టసు వచ్చినది. మన ఖమ్మము, ప్రకాశము జిల్లాల రైతులు జామాయిలు అని పిలుచు చెట్టే. నేడు ఆ దేశమున అన్నిటికంటె విస్తారముగా నున్నది అదియే. 2017 జూనులో పెద్రోగావ్ గ్రాండె ప్రాంతపు దావానలమున 66 మంది ప్రాణములు కోల్పోయిరి. మంటలు వ్యాపించిన ఆ కొండలపై దట్టముగా నున్నది పైనును యూకలిప్టసును. పదిపన్నెండేండ్లకు నఱకి డబ్బు చేసికొను చెట్టునకును, నలుబదిమూడేండ్లు వేచి తోలు తీయు చెట్టునకును గల భేదము లాభనష్టముల పట్టికలో కానరాదు. నిప్పు అంటిననాడు తెలియును.

కార్కు వనమును అచటివారు మొంతాదు అందురు, స్పెయినులో దెహేసా యందురు. అది మనుష్యుడు చొరని కీకారణ్యము కాదు. చెట్టునకు చెట్టునకు నడుమ ఎడముంచి, క్రింద గడ్డిని పెంచి, గొఱ్ఱెలను ఆవులను మేపి, అక్టోబరునుండి ఫిబ్రవరి వఱకు రాలు ఓకు కాయలతో నల్లపందులను బలపఱచి, వందలయేండ్లుగా మనుష్యుడు దిద్దుకొన్న తోట. ఐనను ఆ తోటలోనే ఇంపీరియల్ గ్రద్ద గూడుకట్టుచున్నది, ఉత్తరదేశముల కొంగలు శీతకాలమున అచటనే దిగుచున్నవి. 2002లో నూటికి లోపుగా మిగిలిన ఐబేరియా లింక్స్ అను అడవిపిల్లి నేడు రెండువేలకు మించి, 2024లో అపాయస్థితినుండి ఒక మెట్టు పైకి వచ్చినది. అందులకు మనుష్యులు వానిని పెంచి విడుచుట ముఖ్యకారణమే; కాని విడుచుటకు నేల మిగిలియుండవలెను గదా.

పోర్చుగల్ ప్రభుత్వము 2001 నాటి శాసనముచే అనుమతి లేక కార్కు చెట్టును నఱకుటను నిషేధించెను. 2011 డిసెంబరులో పార్లమెంటు దానిని జాతీయవృక్షముగా ప్రకటించెను. ఇవి మెచ్చదగినవే, కాని చట్టమొక్కటియే చెట్టును నిలుపునని నేనంగీకరింపను. మొరాకోలో రబాట్ నగరమునకు చేరువనున్న మామోరా వనమును చూడుడు. లోకములోని గొప్ప కార్కు అడవులలో అదియొకటి. అడవి ప్రభుత్వపుది, తోలు అమ్మునది ప్రభుత్వమే. చుట్టుపట్ల పేదజనులకు మిగిలినది పశువులను మేపుకొనుటయు, తీయని ఓకు కాయలను ఏరి బజారున అమ్ముకొనుటయు. విత్తనము నేల పడకమునుపే సంచిలో చేరుచుండగా, మొలిచిన మొక్కను మేక కొఱుకుచుండగా, ఆ అడవికి వారసులు పుట్టుట లేదు. అందులకు ఆ పేదలను నేను నిందింపను. తోలులో వాటా లేనివానికి తొమ్మిదేండ్లు వేచియుండుమని చెప్పుటలో న్యాయము లేదు. పోర్చుగల్‌ను సైతము స్వర్గముగా చిత్రించుట తగదు. అలెంతేజులో పెద్దయెస్టేటుల దొరల క్రింద నేల లేని కూలీలు తరతరములు ఆకలితో పనిచేసిరి, 1974 విప్లవానంతరము వారు ఆ భూములను ఆక్రమించి సహకారక్షేత్రములు పెట్టుకొనిరి, అవియు ఎక్కువకాలము నిలువలేదు. నేడు అనావృష్టియు, వేళ్లను కుళ్లించు తెగులును ముసలివనములను పీడించుచుండగా, నేర్పరులైన కూలీలు ఏటేట తగ్గుచున్నారు. ఇన్ని కష్టములలోను ఆ చెట్టు నిలిచియున్నచోట్ల, దాని తోలునకు ధరయు, ఆ ధరలో చేయిచేసికొన్నవానికి భాగమును ఉన్నవి.

మన బాలబాలికలు ఆడు క్రికెట్టు బంతి లోపలి గుండు కార్కే. షటిల్ కాక్‌నకు పదునాఱు ఈకలను గ్రుచ్చు గుండ్రని పీఠమును కార్కే. గచ్చిబౌలి శిక్షణాలయములనుండి ఒలింపిక్ పతకముల వఱకు ఎదిగిన క్రీడాకారిణుల ప్రతి దెబ్బను ఆ చెట్టు తోలు మోసినది. ఇంతకంటె దగ్గఱి సంబంధము మఱియొకటి కలదు. మన ఏజెన్సీ కొండలలో, రాతినేలలపై పెరుగు తపసి చెట్టు కూడ గాయపడి ఈవినిచ్చు చెట్టే. దాని కాండమున గాటుపెట్టగా కారు తపసి జిగురును గిరిజనులు ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముదురు. అది మందులలోను ఆహారపదార్థములలోను వాడబడుచు విదేశములకు పోవును. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా, చుట్టును, ఎడతెగక గాట్లు పెట్టుటచే తపసి చెట్లు వేలకొలది ఎండిపోయినవి. తరువాత విశాఖపట్టణపు కోవెల్ ఫౌండేషన్ వంటివారు చిన్నగాటును, గాటునకు గాటునకు నడుమ ఎడమును గిరిజనులకు నేర్పి కొంత మేలు చేసిరి. మద్దిచెట్టు తోలునకు ఆ మాత్రపు దిక్కును లేదు. మందుల వర్తకుని కొఱకు దానిని ఎవడు ఎప్పుడు ఎంత ఒలిచెనో అడుగువారు లేరు.

అడవిలోని ఫలసాయముపై గిరిజనులకు హక్కునిచ్చు చట్టము 2006లోనే వచ్చియున్నది. ఆ హక్కును చెట్టు వఱకు దించుట మిగిలియున్న పని. ఏ తపసి చెట్టు ఏ కుటుంబము పాలిటిదో గ్రామసభ నిర్ణయింపవలెను. గాటుపెట్టిన సంవత్సరమును ఆ చెట్టుపైననే తెల్లరంగుతో వ్రాయింపవలెను. విశ్రాంతికాలము తీరకమునుపు వచ్చిన జిగురును సహకారసంస్థ కొనకుండవలెను, తీరిన పిదప వచ్చినదానికి ముందుగా ప్రకటించిన ధరను తప్పక చెల్లింపవలెను. దీనికి క్రొత్త చట్టము అక్కఱలేదు, పెద్ద వ్యయమును లేదు. ఉభయ తెలుగు రాష్ట్రముల అటవీశాఖలును, గిరిజన సహకార సంస్థలును ఒక్కొక్క మండలమునందైనను రాబోవు జిగురుకాలముననే ఈ పనిని ఆరంభింపవలెనని కోరుచున్నాను.